ఇంటికప్పు విప్పినవారిని ప్రభువు గద్దించలేదు



ఈ వారం మేము మీ ముందు ఉంచుతున్న సంగతి అమెరికాలో జరిగినది. అయినా అది మన సంఘాలకు కూడా సంబంధించినదే అని మేము నమ్ముతున్నాము. ఎందుకో చివరివరకు చదివితే మీకే తెలుస్తుంది.

2025 ఆరంభం నుండి అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో కొంతమంది వీధుల్లోకి వచ్చారు. పేద దేశాలలోని హెచ్‌ఐవీ రోగుల మందులకు తమ ప్రభుత్వం ఇస్తున్న డబ్బును ఆపవద్దని వారి మనవి. ఏప్రిల్ నెలలో విదేశాంగ శాఖ భవనం ఎదుట శవపేటికల నమూనాలు తెచ్చి పేర్చారు. మందు ఆగితే ఎంతమంది మట్టిలో కలిసిపోతారో అధికారుల కళ్లకు కట్టాలని వారి ఉద్దేశం. కాంగ్రెస్ కమిటీల విచారణలు జరుగుతుండగా లేచి నిలబడి నినాదాలు చేశారు. పోలీసులు వారిని పట్టుకుని బయటికి తీసుకుపోయారు. ఇలాంటి నిరసనల్లో ముందు నిలిచేవారిలో తామే హెచ్‌ఐవీతో ఏళ్ల తరబడి బ్రతుకుతున్నవారు ఉంటారు. తమ స్నేహితులను ఒకరి తరువాత ఒకరిని సమాధి చేసి వచ్చినవారు ఉంటారు.

ఈ వార్త మన ఫోన్లలోకి ముక్కలు ముక్కలుగా వచ్చింది. దానితోపాటు మాటలు కూడా వచ్చాయి. వాళ్ల డబ్బు వాళ్ల ఇష్టం అన్నారు కొందరు. పాపం చేసినవాడు ఫలితం అనుభవించాలి కదా అన్నారు మరికొందరు. ప్రభుత్వానికి ఎదురు నిలిచి కేకలు వేయడం విశ్వాసులకు తగదని ఇంకొందరు. ఈ మూడు మాటలకూ జవాబు చెప్పకుండా ఊరుకోవడం కాపరికి తగదు. అందుకే వ్రాస్తున్నాము. మా అభిప్రాయం మొదటే చెప్పివేస్తాము. ఆ శవపేటికలు మోసినవారు న్యాయమైన పని చేశారు. వారిని చూసి విశ్వాసులు నవ్వకూడదు, ముఖం తిప్పుకోకూడదు.

ఆ డబ్బు ఎలా మొదలైంది?

2003 జనవరి 28న అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ తన దేశపు చట్టసభ ముందు ప్రసంగిస్తూ ఒక కొత్త ప్రణాళికను ప్రకటించాడు. ఆఫ్రికా ఖండంలో దాదాపు 3 కోట్లమందికి ఈ వైరస్ ఉంటే, మందు అందుతున్నవారు 50 వేలమందేనని ఆ రాత్రి అతడు లెక్క చెప్పాడు. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఇవ్వాలని అడిగాడు. ఆ ఏడాది మే నెలకల్లా చట్టం అయింది. ఆ కార్యక్రమం పేరు పెప్‌ఫార్. రెండు పార్టీలవారూ దానికి ఓటు వేశారు. తరువాత వచ్చిన అధ్యక్షులు, ఏ పార్టీవారైనా, దానిని కొనసాగించారు. ఇరవై ఏళ్లకు పైగా అది నిలిచింది. దానివలన దాదాపు రెండున్నర కోట్ల ప్రాణాలు దక్కాయని అమెరికా ప్రభుత్వమే చెప్పుకుంది. 2024 చివరినాటికి ఆ సహాయంతో మందు తీసుకుంటున్నవారు 2 కోట్లకు పైగా ఉన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల జనాభాలో ఇంచుమించు నాలుగోవంతు అనుకోండి.

ఇందులో మనం గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఉంది. ఆ ప్రణాళిక వెనుక క్రైస్తవుల ప్రార్థన, క్రైస్తవుల ఒత్తిడి ఉన్నాయి. 2002 ఫిబ్రవరిలో బిల్లీ గ్రాహం గారి కుమారుడు ఫ్రాంక్లిన్ గ్రాహం వాషింగ్టన్‌లో ఎయిడ్స్ విషయమై సంఘ నాయకులను పిలిచి పెద్ద సభ నడిపించాడు. జెస్సీ హెల్మ్స్ అనే సెనేటర్ ఉండేవాడు. ఎయిడ్స్ కోసం డబ్బు ఖర్చు చేయడాన్ని ఎన్నో ఏళ్లు అడ్డుకున్న మనిషి. రోగుల మీద కఠినమైన మాటలు మాట్లాడిన మనిషి. అతడే 2002లో, ఈ విషయంలో తాను చేయవలసినంత చేయనందుకు సిగ్గుపడుతున్నానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. వృద్ధాప్యంలో మనసు మార్చుకున్న మనిషి మాట ఎంతోమందిని కదిలించింది. అంటే ఈ మందు మాత్ర ఆఫ్రికా పల్లెకు చేరిన దారిలో మన విశ్వాసపు అడుగులు కూడా ఉన్నాయి.

ఆ దారి వేసినది క్రైస్తవులు ఒక్కరే అని మాత్రం మేము అనము. 1987లో న్యూయార్కులో యాక్ట్ అప్ అనే సంఘం పుట్టింది. చనిపోతున్న యువకులు వీధుల్లో శవాల్లా పడుకుని, మందులు త్వరగా పరీక్షించి ఇవ్వమని ప్రభుత్వాన్ని నిలదీశారు. 1998లో దక్షిణాఫ్రికాలో ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ మొదలైంది. ఆ ఏడాదే గుగు ద్లామిని అనే స్త్రీ తనకు హెచ్‌ఐవీ ఉందని నలుగురిలో చెప్పినందుకు ఇరుగుపొరుగువారే ఆమెను కొట్టి చంపారు. అప్పటినుండి ఆ ఉద్యమకారులు, వ్యాధి ఉన్నవారూ లేనివారూ, హెచ్‌ఐవీ పాజిటివ్ అని పెద్ద అక్షరాలతో వ్రాసిన చొక్కాలు వేసుకుని నడిచారు. ఆమెను చంపితే మమ్మల్నందరినీ చంపవలసి వస్తుందని చెప్పే పద్ధతి అది. ఆ ఉద్యమ నాయకుడు జాకీ అచ్‌మత్ తాను రోగి అయి ఉండీ, పేదలకు ప్రభుత్వ ఆసుపత్రిలో దొరకని మందు తాను తీసుకోనని ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. 2002లో వారు అక్కడి రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచారు. తల్లి నుండి బిడ్డకు వ్యాధి సోకకుండా ఆపే మందు ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఇవ్వాలని తీర్పు వచ్చింది. వాషింగ్టన్‌లో శవపేటికలు మోసినవారు ఈ వరుసలోనివారే.

మాత్ర ఆగితే ఏమవుతుంది?

హెచ్‌ఐవీ మందు జ్వరం బిళ్ల వంటిది కాదు. తగ్గింది కదా అని మానేసే మందు కాదు. రోజూ వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది. రక్తపరీక్షలో కూడా కనబడనంతగా అణిగిపోతుంది. అలా అణిగి ఉన్నంతకాలం ఆ మనిషి నుండి భార్యకు గానీ భర్తకు గానీ కలయిక ద్వారా వ్యాధి సోకదు. మామూలు మనిషిలాగే పొలానికి వెళ్తాడు, పిల్లలను చదివిస్తాడు, ముసలివాడవుతాడు. మానేస్తే కొన్ని వారాలలోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఆగి ఆగి వేసుకుంటే అదే మందు తరువాత పనిచేయకుండా పోవచ్చు.

గర్భవతుల సంగతి ఇంకా బరువైనది. ఏ మందూ లేకపోతే నూరుమంది తల్లులలో 15 నుండి 45 మంది వరకు బిడ్డలకు వ్యాధి సోకుతుంది. మందు సరిగా అందితే అది 5 లోపుకు పడిపోతుంది. వ్యాధితో పుట్టిన బిడ్డలకు చికిత్స లేకపోతే సగంమంది రెండో పుట్టినరోజు చూడరు. పాపం చేసినవాడు ఫలితం అనుభవించాలి అన్న సహోదరులను మేము ప్రేమతో అడుగుతున్నాము. ఆ బిడ్డ చేసిన పాపమేమిటి? భర్త వలన సోకిన ఇల్లాలు చేసిన పాపమేమిటి? పుట్టు గ్రుడ్డివాడిని చూసి, ఎవరి పాపం వలన ఇలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. మనం మళ్లీ ఆ లెక్క తెరవడానికి ఎవరం?

2025 జనవరి 20న అమెరికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన రోజునే విదేశీ సహాయమంతా 90 రోజులు నిలిపివేయాలని ఆజ్ఞ వెలువడింది. జనవరి 24న, జరుగుతున్న పనులు కూడా ఆపివేయమని ఉత్తరువు వచ్చింది. అనేక దేశాలలో క్లినిక్‌లు తలుపులు మూశాయి. అలమారలో మందు ఉన్నా ఇవ్వడానికి చేయి ఆడని పరిస్థితి వచ్చింది. కొద్దిరోజులకు, ప్రాణాలు కాపాడే పనులకు మినహాయింపు ఇచ్చామన్నారు. కానీ వ్యాధి రాకుండా ముందే వేసుకునే మందును గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు మాత్రమే పరిమితం చేశారు. మార్చి 10న, యూఎస్ ఎయిడ్ అనే సహాయ సంస్థ కార్యక్రమాలలో 83 శాతం రద్దు చేసినట్టు విదేశాంగ మంత్రి మార్కో రూబియో ప్రకటించాడు. జూలై 1 నాటికి ఆ సంస్థే మూతపడింది. దక్షిణాఫ్రికాలో వేలాదిమంది ఆరోగ్య కార్యకర్తలు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మందు ఉండి కూడా, మందు మానేసినవాడి ఇంటికి వెళ్లి తలుపు తట్టే మనిషి లేకపోతే ఆ మందు చేరదు. మన ఊళ్లలో ఆశా కార్యకర్త చేసే పని ఎంత విలువైనదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ డబ్బు పూర్తిగా ఆగిపోతే 2029 నాటికి మరో 60 లక్షలమందికి కొత్తగా వ్యాధి సోకవచ్చనీ, 40 లక్షల మరణాలు అదనంగా సంభవించవచ్చనీ ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ హెచ్చరించింది. శవపేటికలు ఎందుకు మోశారో ఇప్పుడు అర్థమవుతుంది. జరగబోయే సమాధి కార్యక్రమాన్ని వారు ముందే చేసి చూపించారు, జరగకుండా ఉండాలని.

అవతలివారి మాట కూడా విందాము

ఒకవైపు మాటే విని తీర్పు చెప్పడం మన పద్ధతి కాదు. నిధులు తగ్గించాలన్నవారి వాదనలు కూడా ఉన్నాయి, అన్నీ చెత్త మాటలు కావు.

మొదటిది, అమెరికాలోనూ పేదలున్నారు, ముందు వారిని చూసుకోవాలి అన్నది. ఇంటివారిని చూసుకోవడం ధర్మమే. అయితే లెక్క చూడండి. ఆ దేశపు కేంద్ర ప్రభుత్వ ఖర్చులో విదేశీ సహాయం అంతా కలిపినా సుమారు ఒక శాతమే. అందులో హెచ్‌ఐవీకి వెళ్లేది నూరు రూపాయలలో పది పైసలకు లోపే. ఆ పది పైసలు ఆపితే అమెరికా పేదవాడి ఇంట్లో పొయ్యి వెలగదు. ఆఫ్రికాలో మాత్రం దీపాలు ఆరిపోతాయి.

రెండోది, దొంగతనం. ఇది నిజమే. 2025 మేలో జాంబియా దేశానికి ఏటా ఇచ్చే వైద్య సహాయంలో 5 కోట్ల డాలర్లు తగ్గిస్తున్నట్టు అమెరికా రాయబారి ప్రకటించాడు. ఉచితంగా ఇవ్వవలసిన మందులు దొంగిలించి ప్రైవేటు దుకాణాల్లో అమ్ముతున్నారని వారి తనిఖీలో బయటపడింది. రోగి నోటి దగ్గరి మాత్ర దొంగిలించినవాడు దేవుని ఎదుట గొప్ప నేరస్థుడు. అతనిని పట్టుకోవలసిందే, శిక్షించవలసిందే. కానీ రేషను డీలరు బియ్యం అమ్ముకుంటే ఊరందరి కార్డులు రద్దు చేస్తామా? దొంగను వదిలి, దొంగ చేతిలో మోసపోయినవాడి పళ్లెం లాక్కుంటామా?

మూడోది, ఎంతకాలం ఒకరి మీద ఆధారపడతారు, ఆ దేశాలే భరించుకోవాలి అన్నది. ఇందులో న్యాయం ఉంది. 2001లోనే ఆఫ్రికా దేశాధినేతలు నైజీరియాలోని అబుజాలో కూడి, తమ బడ్జెట్లలో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని మాట ఇచ్చారు. చాలా దేశాలు ఆ మాట నిలబెట్టుకోలేదు. అయితే అన్ని దేశాలూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ కార్యక్రమానికి అమెరికా ఇచ్చినది 17 శాతం మాత్రమే, మిగతాది ఎక్కువగా వారి సొంత డబ్బే. నైజీరియా చట్టసభ 2025లో ఈ లోటు పూడ్చడానికి ఆరోగ్యానికి అదనంగా 20 కోట్ల డాలర్లు కేటాయించింది. చంటిబిడ్డ నడక నేర్చుకోవాలి, నిజమే. నడక నేర్పేవాడు వేలు పట్టుకుని నేర్పుతాడు, మెట్ల మీద వదిలేసి వెళ్లడు. చట్టసభ ఆమోదించిన సహాయాన్ని నాలుగు రోజుల్లో ఆపడానికీ, ఏళ్ల వ్యవధి ఇచ్చి క్రమంగా అప్పగించడానికీ చాలా తేడా ఉంది. ఇటీవల అమెరికా ప్రభుత్వం ఒక్కొక్క దేశంతో ఒప్పందాలు చేసుకుని బాధ్యత అప్పగిస్తామంటోంది, డిసెంబరులో కెన్యాతో మొదటి ఒప్పందం కుదిరింది. అది సరిగా జరిగితే మంచిదే. కానీ ఆ మాట జనవరిలోనే చెప్పి, తరువాత తలుపు తీయవలసింది. ముందు తలుపు మూసి తరువాత తాళం చెవి వెదకడం వివేకం కాదు.

మంచి సమరయుని సంగతి మనందరికీ కంఠతా వచ్చు. అతడు గాయాలు కట్టి వదిలిపెట్టలేదు. పూటకూళ్ల ఇంటికి తీసుకువెళ్లాడు, ఖర్చులకు డబ్బిచ్చాడు, ఇంకా అయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని మాట ఇచ్చాడు. ప్రసంగాలలో మనం నూనె, ద్రాక్షారసం గురించి చెబుతాము. ఆ తిరిగి వస్తానన్న మాట గురించి తక్కువ చెబుతాము. గాయపడినవాడు కోలుకునేదాకా బాకీ తనదేనని ఒప్పుకోవడమే అక్కడి అసలు ప్రేమ. పూటకూళ్లవాడు ఆ మాట నమ్మి రోగిని ఉంచుకున్నాడు. రెండో రోజునే సమరయుడు మనసు మార్చుకుని ఉంటే ఆ రోగి మళ్లీ దారిలోనే పడి ఉండేవాడు.

కేకలు వేయడం తగునా?

ఇక ఎదురు నిలిచి కేకలు వేయడం విశ్వాసులకు తగదన్న మాటకు వద్దాము.

కపెర్నహూములో ప్రభువు ఒక ఇంట్లో బోధిస్తున్నాడు. జనం గుమ్మందాకా నిండిపోయారు. నలుగురు మనుష్యులు పక్షవాతంతో మంచాన పడిన ఒకనిని మోసుకు వచ్చారు. దారి దొరకలేదు. ఆ నలుగురు మర్యాదగా వెనుదిరిగి, మరోరోజు వద్దామని అనుకోలేదు. మేడ ఎక్కి, ఎవరిదో ఇంటికప్పు విప్పి, మంచంతో సహా అతనిని సభ మధ్యలోకి దించారు. ఆలోచించండి. బోధ ఆగిపోయింది. మట్టి పెళ్లలు నెత్తిన పడి ఉంటాయి. పెద్దలు విసుక్కుని ఉంటారు. ఇంటి యజమాని లబలబలాడి ఉంటాడు. ప్రభువు మాత్రం సభకు భంగం కలిగించారని వారిని గద్దించలేదు. వారి విశ్వాసం చూశాడు. ఆ మంచం మీద ఉన్నవానిని బాగుచేశాడు.

కాంగ్రెస్ కమిటీ గదిలో లేచి నినాదం చేసినవారు చేసినది అదే. వారూ మంచం మోస్తున్నారు. ఆ మంచం మీద జాంబియాలో ఒక తల్లి ఉంది, ఉగాండాలో ఒక పసిబిడ్డ ఉంది, మొజాంబిక్‌లో ఒక రైతు ఉన్నాడు. వారికి వాషింగ్టన్‌లో ఓటు లేదు, ఆ గుమ్మం దాకా రావడానికి దారి లేదు. కాబట్టి వీరు కప్పు విప్పారు. ఎవరినీ కొట్టలేదు. అరెస్టు అవుతామని తెలిసి, ఆ శిక్ష తమ మీద వేసుకున్నారు.

దానివలన ఏమైనా ఒరిగిందా అంటే, ఒకటి చెబుతాము. 2025 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు, ఇంతకుముందే మంజూరైన నిధులలో 940 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవాలని చట్టసభను కోరాడు. అందులో పెప్‌ఫార్‌కు చెందిన 40 కోట్ల డాలర్లు కూడా ఉన్నాయి. జూలైలో సెనేట్ ఆ 40 కోట్ల కోతను తొలగించింది. అధికార పార్టీ సభ్యులే కొందరు దానిని ఒప్పుకోలేదు. నిరసన ఒక్కటే దానికి కారణమని మేము అనము. కానీ ఆ నెలలన్నీ ఆ కారిడార్లలో కేక వినబడకపోయి ఉంటే, ఆ అంకె కాగితం మీద ఎవరి కంటా పడకుండా జారిపోయేది కాదా? అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకు విధవరాలు మాటిమాటికీ వెళ్లినట్టు వీరు వెళ్లారు. ఆ విధవరాలిని ప్రభువు మనకు మాదిరిగా చూపించాడు గానీ, గొడవ మనిషి అనలేదు.

ఒక అడ్డు మన మనసుల్లో ఉందని మాకు తెలుసు. ఆ నిరసనకారులలో కొందరు స్వలింగ సంపర్కులు, కొందరు ట్రాన్స్‌జెండర్లు. వారి జీవితాన్ని గురించి మన సంఘాలలో ఉన్న అభిప్రాయం వేరు. అలాంటివారితో మనకేమిటి అని మీరు అడగవచ్చు. మళ్లీ సమరయుని దగ్గరకే వెళ్దాము. అతని ఆరాధన తప్పు, అతని బోధ తప్పు అని యూదులు అనుకునేవారు. సిద్ధాంతం సరిగా ఉన్న యాజకుడు, లేవీయుడు పక్కగా వెళ్లిపోయారు. ప్రభువు ఎవరిని చూపించి అలాగే చేయమన్నాడో మీకు తెలుసు. గాయపడినవాని దగ్గర మనకంటే ముందు మోకరించినవానిని చూసి మనం నేర్చుకోవాలి. అతని తప్పులు ఎంచుతూ పక్కగా వెళ్లిపోతే మన సిద్ధాంతం మనలను కాపాడదు.

మన గుమ్మం దగ్గర

ఇప్పుడు మన ఇంటి సంగతి. హెచ్‌ఐవీ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాలలో మనది ఒకటి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షలమందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితంగా మందు ఇవ్వడం మొదలైంది. నేడు మన ఏఆర్‌టీ సెంటర్లలో ఇచ్చే మందుకు డబ్బు ప్రధానంగా మన ప్రభుత్వానిదే. కాబట్టి అమెరికా నిర్ణయం వలన మన జిల్లా ఆసుపత్రిలో మాత్ర ఆగిపోతుందని ఎవరూ భయపడవద్దు. మందు మానవద్దు. మీ తేదీకి మీరు వెళ్లి తెచ్చుకోండి.

అయినా దెబ్బ మనకు అసలు తగలలేదని కాదు. హైదరాబాదులో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ అనే ఆరోగ్య కేంద్రం తెరిచారు. మన దేశంలో అటువంటిది అదే మొదటిది. అమెరికా డబ్బు ఆగగానే 2025 ఆరంభంలో అది మూతపడింది. తరువాత మన దేశపు దాతల సహాయంతో వేరే పేరుతో మళ్లీ తెరుచుకుంది. బస్సులో పక్క సీటు కూడా దొరకనివారికి దొరికిన ఒక్క తలుపు అది.

మరో సంబంధం కూడా ఉంది, ఇది మనం కృతజ్ఞతతో తలచుకోవలసినది. 2000 ప్రాంతంలో ఒక రోగికి ఏడాది మందుకు 10 వేల డాలర్లకు పైగా అయ్యేది. 2001 ఫిబ్రవరిలో ముంబైకి చెందిన సిప్లా కంపెనీ రోజుకు ఒక డాలరు లోపే ఇస్తామని ప్రపంచానికి చెప్పింది. ఇప్పుడు ఏడాది మందు 45 డాలర్ల లోపే. ఆఫ్రికా మింగే మాత్రలలో చాలావాటిని తయారుచేసేది మన దేశం, అందులో హైదరాబాదు చుట్టుపక్కల, విశాఖ ప్రాంతంలో ఉన్న ఫ్యాక్టరీల పాత్ర పెద్దది. మన పల్లెల నుండి వెళ్లిన పిల్లలు ఆ ఫ్యాక్టరీలలో షిఫ్టు డ్యూటీలు చేస్తున్నారు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు వేసుకుంటే వ్యాధి రాకుండా కాపాడే లెనాకపవిర్ అనే ఇంజెక్షన్ వచ్చింది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్లకు పైనే. మన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కంపెనీలు 2027 నుండి పేద దేశాలకు దానిని ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇచ్చేలా 2025 సెప్టెంబరులో ఒప్పందాలు కుదిరాయి. చూడండి, వ్యాధిని అంతం చేసే ఆయుధం చేతికి వస్తున్న వేళ, దానిని రోగి దాకా చేర్చే చేతులను నరికివేస్తున్నారు. 2025 నవంబరులో గ్లోబల్ ఫండ్‌కు దేశాలు వాగ్దానం చేసినది 1,134 కోట్ల డాలర్లు, అడిగినది 1,800 కోట్లు. అమెరికా ఒక్కటే కాదు, బ్రిటన్ కూడా తన విదేశీ సహాయాన్ని తగ్గించుకుంటోంది.

మనం ఏమి చేయగలము?

మనకు అమెరికాలో ఓటు లేదు. కానీ మన పిల్లలు, మన బంధువులు అక్కడ ఉన్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘాలలో ఆరాధించేవారు ఈ వ్యాసం చదువుతారు. అక్కడ పౌరసత్వం ఉన్నవారు తమ ప్రతినిధి కార్యాలయానికి ఒక ఫోను చేయవచ్చు, ఒక ఉత్తరం వ్రాయవచ్చు. క్రైస్తవుల మాటకు అక్కడ ఇంకా విలువ ఉంది. ఇరవై ఏళ్ల క్రితం ఆ విలువే ఈ కార్యక్రమం పుట్టడానికి తోడ్పడింది.

ఇక్కడ ఉన్న మనం చేయవలసినది ఇంకా దగ్గరిది. మన ఊరిలో మందు తెచ్చుకోవడానికి దగ్గరి ఆసుపత్రి వదిలి, ఎవరూ గుర్తుపట్టని దూరపు పట్టణానికి బస్సు ఎక్కేవారు ఇంకా ఉన్నారు. సంఘంలో ఎవరికైనా తెలుస్తుందేమోనని మాత్రల సీసా మీది కాగితం చింపేసేవారు ఉన్నారు. ప్రభు భోజనపు గిన్నె దగ్గర ఎవరు ముందు తాగుతారోనని లెక్కలు చూసేవారు కూడా ఉన్నారు. ఒకే గిన్నెలో తాగితే, ఒకే పళ్లెంలో తింటే, చేయి కలిపితే ఈ వ్యాధి రాదు. ఇది తెలిసి కూడా వేరే గ్లాసు పెట్టే ఇల్లు, వాషింగ్టన్‌లో నిధులు కోసిన ఆఫీసు కంటే గొప్పదేమీ కాదు. అక్కడ కలంతో కోశారు, ఇక్కడ చూపుతో కోస్తున్నాము. 2017లో మన దేశం చేసిన హెచ్‌ఐవీ చట్టం ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో ఇలాంటివారి పట్ల వివక్ష చూపడాన్ని నిషేధించింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయ్యాక సంఘం ఇంకా వెనుకబడి ఉండకూడదు.

కాబట్టి మా మనవి ఇది. మీ ఇంటి పక్కన ఒకరు మందు వాడుతున్నారని తెలిస్తే ఆ మాటను ఇంకొకరి చెవిన వేయకండి. వారి తేదీ వచ్చినప్పుడు బండి మీద దించి రండి. కూలి పోతుందని వెళ్లనివారి కూలి డబ్బు సంఘం పెట్టనివ్వండి. పెళ్లి సంబంధాలు కుదిరేటప్పుడు ఇద్దరికీ పరీక్ష చేయించమని చెప్పడానికి పెద్దలు సిగ్గుపడకండి. గర్భవతి అయిన ప్రతి చెల్లెలినీ మూడో నెలలోపే పరీక్షకు పంపండి. పాస్టర్లు ఈ వ్యాధి పేరు పులపిటం మీద నుండి పలకండి, పేరు పలకని వ్యాధికి ప్రార్థన కూడా సగమే దొరుకుతుంది. ప్రార్థనతో నయమైందని చెప్పి ఎవరి మందూ మాన్పించకండి. ప్రార్థన వినే దేవుడే మందు తయారుచేసే జ్ఞానం కూడా ఇచ్చాడు.

2025 డిసెంబరు 1న ప్రపంచ ఎయిడ్స్ దినాన్ని అమెరికా ప్రభుత్వం జరుపలేదు. ఇన్నేళ్లలో జరుగుతూ వచ్చిన ఆచారం ఆగిపోయింది. ప్రభుత్వాలు మరచిపోవచ్చు. సంఘం మరచిపోకూడదు. వచ్చే ఆదివారం కానుకలలో ఒక భాగాన్ని, మన మండలంలో ఏఆర్‌టీ మందుకు వెళ్లి రావడానికి బస్సు చార్జీ లేనివారి కోసం పక్కన పెడదామని మేము అనుకుంటున్నాము. పేర్లు అడగము, పుస్తకంలో వ్రాయము. అవసరమైనవారు మా ఇంటి వెనుక తలుపు దగ్గరకు ఏ వేళనైనా రావచ్చు.

మంచం మోసే నలుగురిలో ఒకరిగా ఉండే కృపను ప్రభువు మనలో ప్రతివారికీ అనుగ్రహించును గాక. ఆమేన్.